నాన్న రికవరీ బండికి ఏ ఆయిల్ పోయాలి?

రాత్రి పదకొండున్నరకు నాన్న ఫోన్. "అరే, ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న ఎర్ర లైట్ మళ్ల వెలుగుతుందిరా. నువ్వు తెచ్చిన ఆయిల్ పోసినంకనే ఇట్ల అయితుంది."

ఆ టైంలో నేను గచ్చిబౌలిలో ఆఫీసు పనిలో మునిగి ఉన్నా. నాన్న ముత్తంగి దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు దిగే చోట, చెడిపోయిన కారును బండి మీదికి లాగుతున్నాడు. కారు సగం పైన, సగం కింద. ఇంజిన్ ఆపితే వించ్ ఆగుతుంది. ఆపకపోతే ఇంజినే పోయేలా ఉంది. ఆపేశాడు. తెలిసినవాళ్ల బండి ఇంకోటి పిలిపించుకుని ఆ కారు పంపించేసరికి ఒంటిగంట దాటింది. ఆ ట్రిప్పు డబ్బులు పోయాయి, అది వేరే సంగతి.

మాకున్నది పన్నెండేళ్ల పాత డీజిల్ మినీ ట్రక్కు. వెనక హైడ్రాలిక్ బెడ్, వించ్ కట్టించాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇటు రామచంద్రాపురం నుంచి అటు సంగారెడ్డి దాకా, పక్కకు పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల దాకా ఎక్కడ బండి ఆగినా నాన్నకు ఫోన్ వస్తుంది. నా బీటెక్ ఫీజు ఈ బండే కట్టింది. ఇప్పుడు చెల్లి ఫీజు కడుతోంది. ఇంజిన్ బోరుకొస్తే లక్ష పైమాటే అని మెకానిక్ ముందే చెప్పి ఉంచాడు. అందుకే నేను మంచి చేద్దామని సింథటిక్ ఆయిల్ తెచ్చా. మామూలు ఆయిల్ కంటే రెట్టింపు పైన రేటు. ఖరీదైనది కాబట్టి మంచిదే అయి ఉంటుందని అనుకున్నా. నాది కంప్యూటర్ సైన్స్ లెండి. ఫస్టియర్ వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకోవడం తప్ప ఇనుముతో నాకు పెద్ద పరిచయం లేదు.

మర్నాడు మెకానిక్ అన్న నేను తెచ్చిన డబ్బా తిప్పి చూసి ఒకటే మాట అన్నాడు. "తమ్మీ, ఇది కొత్త కార్లకు పోసేది. ఈ ముసలి ఇంజిన్‌కు నీళ్లు పోసినట్టే."

డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంది. నాన్న ఎప్పుడూ పోసేది 15డబ్ల్యూ-40. నా తప్పు ఇక్కడే జరిగింది. ఆయిల్ దేనితో తయారైందన్నది ఒక ప్రశ్న. ఎంత చిక్కగా ఉందన్నది ఇంకో ప్రశ్న. నేను రెండూ ఒకటే అనుకున్నా.

ఆ అంకెల కథ సులువే. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర పరీక్ష పెడతారు. మా పటాన్‌చెరు చలికి పేరున్న ఊరే. డిసెంబరు, జనవరిలో వాతావరణ వార్తల్లో తక్కువ ఉష్ణోగ్రతల జాబితాలో తరచూ కనిపిస్తుంది. ఎంత వణికినా మైనస్‌కైతే పోదు కదా! కాబట్టి ఆ మొదటి అంకె కోసం మేం డబ్బు తగలేయక్కర్లేదు.

మాకు ముఖ్యం రెండో అంకె. వంద డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 30 గ్రేడ్‌కు అది 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడ్‌కు 12.5 నుంచి 16.3 లోపు. అరిగిన ఇంజిన్‌లో బేరింగులకు, క్రాంక్‌కు మధ్య సందు పెరిగి ఉంటుంది. పలచటి ఆయిల్ అందులోంచి ఇట్టే జారిపోతుంది. బండి పరుగు మీద ఉన్నప్పుడు పంపు జోరుగా తిరిగి ఆ లోటు కనబడనివ్వదు. వేడెక్కిన ఇంజిన్ ఐడిలింగ్‌లోకి రాగానే ప్రెషర్ పడిపోయి లైట్ వెలుగుతుంది. నాన్న బండిలో జరిగింది అదే. తప్పు సింథటిక్‌ది కాదు, నేను ఎంచిన గ్రేడ్‌ది. సింథటిక్‌లోనూ 40 గ్రేడ్ దొరుకుతుంది.

అయితే 40 గ్రేడ్ సింథటిక్ తెద్దామన్నా. నాన్న ఒప్పుకోలేదు. "గది పోస్తే ఆయిల్ లీకయితదంట" అన్నాడు. ఇది అన్ని షెడ్లలో వినబడే మాటే. తొలినాటి సింథటిక్ ఆయిళ్లు కొన్ని రబ్బరు సీళ్లతో పడక ఇబ్బంది పెట్టాయి. ఇప్పటివాటితో ఆ బెడద లేదు. కాకపోతే సీలు అప్పటికే ఎండి పగిలి ఉంటే, అక్కడ గడ్డకట్టి అడ్డంగా ఉన్న మురికిని కొత్త ఆయిల్ కడిగేస్తుంది, చుక్కలు మొదలవుతాయి. అప్పుడు నింద ఆయిల్ మీద పడుతుంది.

అసలు సింథటిక్ అంటే ఏంటి? ఏదో ల్యాబులో పుట్టించిన అమృతం అని నేననుకునేవాణ్ని. పీఏవో అనే రకం నిజంగానే రసాయన పద్ధతిలో కట్టిన నూనె. కానీ మార్కెట్లో సింథటిక్ పేరుతో దొరికే చాలా డబ్బాల్లో ఉండేది గ్రూప్-3 నూనె. అదీ ముడి చమురులోంచి వచ్చిందే. గట్టి ఒత్తిడిలో హైడ్రోజన్‌తో శుద్ధి చేసి అణువులను చక్కదిద్దుతారు. దాన్ని సింథటిక్ అనొచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య పంచాయితీ నడిచింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ క్యాస్ట్రాల్ వైపు మొగ్గింది. అప్పట్నుంచి ఆ పేరు స్థిరపడిపోయింది.

అలాగని సింథటిక్‌లో గొప్ప లేదనడం లేదు. వేడికి తట్టుకుంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే నూనె పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్ల మోటు లెక్క. ఎండాకాలం మధ్యాహ్నం, వెనక రెండు టన్నుల కారు, ఎత్తు ఎక్కుతున్న సెకండ్ గేరు... అలాంటి చోట, అందులోనూ టర్బో ఉన్న ఇంజిన్‌లో, సింథటిక్ తన రేటుకు న్యాయం చేస్తుంది. మరి మా బండికి? ఇక్కడ నాకు అలవాటైన పని చేశా. లెక్కలు రాశా.

జేసీబీకి, జనరేటర్‌కు ఆయిల్ మార్పు కిలోమీటర్లలో చూడరు, గంటల్లో చూస్తారు. రికవరీ బండి కూడా సగం జేసీబీయే. నిలబడి బెడ్ ఎత్తాలి, వించ్ తిప్పాలి, పోలీసులు వచ్చేదాకా లైట్లు వేసుకుని ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. మీటర్‌లో మాత్రం ఒక్క కిలోమీటరూ పెరగదు. ఒక అవర్ మీటర్ బిగించాం. నెలలో బండి తిరిగింది 1,900 కిలోమీటర్లు. ఇంజిన్ నడిచింది 160 గంటలు! గంటకు 35 కిలోమీటర్ల చొప్పున చూసినా రోడ్డు మీద గడిపింది 54 గంటలే. మిగతా 106 గంటలు నిలబడి నడిచినవే. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన డీజిల్ బండ్లకు గంట ఐడిలింగ్‌ను దాదాపు 40 కిలోమీటర్ల ప్రయాణం కింద లెక్కేయమంటుంది. అలా చూస్తే మా నెల 1,900 కాదు, 6,100 పైమాటే. పదివేలకు ఆయిల్ మార్చే నాన్న, మీటర్ చూసి ఐదు నెలలు ఆగుతున్నాడు. నిజానికి నెలన్నర దాటితే మార్చాల్సిందే. ఇన్నేళ్లుగా మా ఇంజిన్‌ను అరగదీసింది ఆయిల్ రకం కంటే ఈ ఆలస్యమేనని నా నమ్మకం.

ఇక డబ్బుల సంగతి. మాకు ఎనిమిది లీటర్లు పడుతుంది. మేం కొనే చోట మామూలు 15డబ్ల్యూ-40 లీటరు మూడొందలు, సింథటిక్ ఏడొందల యాభై. ఫిల్టర్‌తో కలిపి ఒకటి 2,750, ఇంకోటి 6,350. అంటే సింథటిక్ రెండింతలకు మించి మన్నాలి. కొత్త ఇంజిన్‌లో మన్నుతుందేమో. మా దాంట్లో పిస్టన్ రింగులు అరిగాయి. మసి, కాలని డీజిల్ కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తాయి. ఎంత ఖరీదైన నూనె అయినా ఆ మురికి మోయగలిగినంతే మోస్తుంది. పైగా నెలకు అర లీటరు తాగుతుంది కూడా. కాబట్టి మామూలు ఆయిలే, త్వరత్వరగా మార్చుకుంటూ. నాన్న మాటే నెగ్గింది. సగం అనండి, ఐదు నెలల అలవాటు మాత్రం మానిపించా.

ఇంతలో బాబాయి కథ. ఆయనది కొత్త బీఎస్-6 బండి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బండ్లకు వచ్చిన నియమం అది. పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంది. వారంటీ దాటాక బాబాయి మా షెడ్డుకే వచ్చి నాన్న వాడే పాత సీఐ-4 రకం పోయించుకున్నాడు, అగ్గువ అని. ఆ రకంలో బూడిద మిగిల్చే లోహపు రసాయనాలు ఎక్కువ ఉండొచ్చు. మసి అయితే డీపీఎఫ్‌లో కాలిపోతుంది, బూడిద కాలదు, పేరుకుంటుంది. సీజే-4, ఆ తర్వాత 2016 చివర్లో వచ్చిన సీకే-4 రకాల్లో బూడిద ఒక శాతం మించకూడదు. రెండోసారి మార్చాక బాబాయి బండికి ఫిల్టర్ లైట్ వెలిగింది, పికప్ పడిపోయింది. విప్పి శుభ్రం చేయించడానికైన ఖర్చుతో ఏడాది పాటు మంచి ఆయిల్ వచ్చేది. ఆయనకిప్పుడు మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద సింథటిక్కే. బాబాయి దాన్ని "పెట్రోల్ కంటే పిరం" అని తిడుతూనే కొంటాడు.

అందుకే డబ్బా కొనేటప్పుడు ముందు భాగంలో పెద్దక్షరాల సింథటిక్ అనే మాట కాదు, వెనక చిన్నక్షరాల్లో ఉండే ఏపీఐ రకం, గ్రేడ్ చదవండి. సీలు కూడా చూడండి. ఒకసారి రోడ్డు పక్క కొట్లో నాన్న కొన్న డబ్బా మూత కింద రేకు సరిగా అతికి లేదు. వెనక్కి ఇచ్చేస్తే ఆ కొట్టాయన మారు మాట్లాడకుండా తీసుకున్నాడు! అప్పట్నుంచి ఖాళీ డబ్బాలకు నాన్న స్క్రూడ్రైవర్‌తో చిల్లు పొడుస్తాడు, మళ్లీ నింపి అమ్మకుండా.

తీసేసిన నల్ల నూనె విషయం ఇంకా మిగిలే ఉంది. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థమే. నక్కవాగు పక్కన పెరిగిన మాకు ఫ్యాక్టరీల నీళ్లు ఆ వాగును ఏం చేశాయో ఎవరూ చెప్పక్కర్లేదు. మరి మన డ్రమ్ము? షెడ్డు వెనక మట్టిలో ఒంపే అలవాటు నాన్న మానేశాడు. ఇప్పుడు డ్రమ్ములో పడుతోంది. నెలన్నరకోసారి మార్పు కాబట్టి తొందరగానే నిండుతోంది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు అప్పగించడానికి ఫోన్లు చేస్తున్నా. ఒక్క డ్రమ్ము కోసం ఇంత దూరం రాలేమంటున్నారు. చుట్టుపక్కల నాలుగు షెడ్లవి కలిపి ఇస్తామంటే వస్తామన్నారు. వచ్చే ఆదివారం ఆ నాలుగు షెడ్ల దగ్గరికీ నాన్నతో కలిసి వెళ్తున్నా.