విద్యుదయస్కాంత కంపనసాధనాలు: మర్దనలో, వైద్యోద్దీపనలో పౌనఃపున్యం పాత్ర

వ్యాససంగ్రహం: ఇంట్లో వాడే మర్దనయంత్రమూ, మధుమేహరోగుల పాదాలను పరీక్షించే బయోథీసియోమీటరూ ఒకే సూత్రంపై పనిచేస్తాయి. నేరుగా విద్యుత్ సరఫరాతో నడిచే ఇటువంటి సాధనాలలో కంపనాల సంఖ్యను నిర్ణయించేది ఆ సరఫరాయే. ఈ సంబంధం మర్దన, చికిత్స, పరిశోధన గణాంకాల మీద చూపే ప్రభావాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: విద్యుదయస్కాంతం, కంపనం, పౌనఃపున్యం, కంపన పరిమితి, మధుమేహం, నాడీక్షీణత.

ఉపోద్ఘాతం:

ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979లో తొలి యూనిట్‌తో ఉత్పత్తి ప్రారంభించింది. అక్కడి 210 మెగావాట్ల యూనిట్లలో జనరేటర్ నిమిషానికి 3000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. దానికి రెండు ధ్రువాలే ఉండటంవల్ల ఒక్కో భ్రమణానికి ఒక్కో విద్యుత్ ఆవర్తనం ఏర్పడుతుంది. దేశంలోని ఇతర కేంద్రాలతో కలిసి నడవవలసి ఉన్నందున ఈ 50 హెర్ట్జ్ ఏ ఒక్క కేంద్రమూ సొంతంగా ఎంచుకొనే సంఖ్య కాదు. విజయవాడలో ఒక ఇంట్లో నడుమునొప్పికి వాడే మర్దనయంత్రపు మోత వెనుక ఉన్నదీ ఈ సంఖ్యే.

నిర్మాణం - పనితీరు:

ఈ యంత్రంలో తీగచుట్ట, దాని నడుమ మెత్తని ఇనుపముక్క, ఎదురుగా స్ప్రింగుకు బిగించిన మరో ఇనుపపలక ఉంటాయి. తీగచుట్టలో విద్యుత్ ప్రవాహం ఏ దిశలో ఉన్నా ఇనుపపలక ఆకర్షితమవుతుంది. ప్రవాహం ఒక ఆవర్తనంలో రెండుసార్లు గరిష్ఠానికి చేరుతుంది కనుక 50 హెర్ట్జ్ సరఫరాపై పలక సెకనుకు 100 సార్లు కంపిస్తుంది. తీగచుట్టకు ముందు డయోడు పెడితే ఆకర్షణ అర్ధావర్తనానికి పరిమితమై కంపనాలు 50కి తగ్గుతాయి. కొన్ని యంత్రాలలోని హెచ్చు, తగ్గు మీట చేసే పని ఇదే. క్షౌరశాలలోని విద్యుత్ కత్తెర, చేపలతొట్టికి గాలినందించే చిన్న పంపు కూడా ఈ కుటుంబానికి చెందినవే. సెల్‌ఫోన్‌లోనూ, బ్యాటరీ మర్దన తుపాకిలోనూ ఉండేది మోటారు. వాటికి ఈ సంబంధం వర్తించదు.

ఆకర్షణబలం అయస్కాంత అభివాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందువల్ల 230 వోల్టులు రావలసిన చోట వేసవి సాయంత్రం 180 వోల్టులే వస్తే, బలం 61 శాతానికి పడిపోతుంది. కంపనాల సంఖ్య మాత్రం మారదు. మోత యథాతథంగా వినిపిస్తున్నా పట్టు తగ్గిందని వాడేవారు అనుకోవడానికి కారణం ఇదే. వారి అనుభవం సరైనదే.

కృష్ణా డెల్టాలో అమెరికా నుండి పిల్లలు తెచ్చిన యంత్రాలున్న ఇళ్లు అనేకం. అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించగలదు గాని పౌనఃపున్యాన్ని మార్చలేదు. సెకనుకు 120 కంపనాలకు అనునాదం చెందేలా బిగించిన స్ప్రింగు ఇక్కడ 100 కంపనాలతో నడుస్తుంది కనుక కంపన పరిమితి తగ్గుతుంది. పౌనఃపున్యం తగ్గడంతో తీగచుట్ట అవరోధం కూడా తగ్గి, అది ఎక్కువ విద్యుత్తు తీసుకొని వేడెక్కుతుంది. యంత్రం పాడైందని భావించి మరమ్మతుకిచ్చే సందర్భాలలో కొన్నింటికి మూలం ఈ తేడాయే.

శరీరంపై ప్రభావం:

లండన్ వైద్యుడు జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ 1880లలోనే నాడీసంబంధమైన బాధలకు బ్యాటరీతో నడిచే విద్యుత్ కంపనసాధనాన్ని వాడాడు. అయితే కంపనానికి శరీరం స్పందించే తీరు స్పష్టమైనది ఎంతో ఆలస్యంగా. 1966లో హాగ్‌బార్త్, ఎక్లుండ్ కండరాన్ని కంపింపజేస్తే అది అసంకల్పితంగా క్రమక్రమంగా సంకోచిస్తుందని చూపారు. కండరపు సాగుదలను గ్రహించే నాడీఅంగాలు కంపనాన్ని సాగుదలగా పొరబడటమే దీనికి కారణం. 1972లో గుడ్‌విన్, మెక్లాస్కీ, మాథ్యూస్ ముంజేతిని ముడిచే కండరపు స్నాయువుకు సెకనుకు 100 కంపనాలు ఇచ్చినపుడు, కళ్లకు గంతలున్న వ్యక్తులకు కదలని మోచేయి చాచుకుంటున్నట్లు తోచింది. ఇంటి యంత్రపు కంపనాల సంఖ్య కూడా ఇదే కావడం గమనార్హం. కండరాన్ని సడలించడానికని పెట్టిన యంత్రం, పెట్టిన చోటునుబట్టి, దాన్ని బిగించనూ వచ్చు.

వెన్నుపాము గాయపడిన పురుషుల నుండి వీర్యసేకరణకు చేసే కంపనోద్దీపనలో 100 హెర్ట్జ్, 2.5 మిల్లీమీటర్ల కంపన పరిమితి ఫలవంతమని 1990లలో డెన్మార్క్ పరిశోధకులు నిర్ధారించారు. గాయం ఛాతీభాగపు 6వ వెన్నుపూస స్థాయిలోగాని, అంతకు పైనగాని ఉన్నవారిలో ఈ ప్రక్రియవల్ల రక్తపోటు ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగవచ్చు. మొదటి ప్రయత్నం వైద్యుల సమక్షంలో, రక్తపోటు చూస్తూ జరగాలి. మార్కెట్లో దొరికే మర్దనయంత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

నాడీపరీక్ష - గణాంకసమస్య:

మధుమేహరోగుల పాదస్పర్శను కొలిచే బయోథీసియోమీటర్ మూలరూపం కూడా సరఫరాపై నడిచే విద్యుదయస్కాంత కంపకమే. బొటనవేలి కొసపై దాన్ని నిలిపి, సున్న నుండి వోల్టేజీ పెంచుతూ, రోగి మొదటిసారి కంపనం తెలిసిందన్న చోట అంకె నమోదు చేస్తారు. బ్రిటన్‌లో యంగ్, ఆయన సహచరులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో 25 వోల్టులు దాటినవారికి పాదవ్రణం వచ్చే అవకాశం 15 వోల్టుల లోపువారికంటే సుమారు ఏడు రెట్లు ఎక్కువగా కనిపించింది. అక్కడి సరఫరా కూడా 50 హెర్ట్జే. అదే నమూనా అమెరికాలో 120 కంపనాలు చేస్తుంది. కంపనాన్ని గ్రహించే పచినియన్ కణికల సున్నితత్వం 250 హెర్ట్జ్ సమీపం వరకు పెరుగుతూ పోతుంది కనుక, ఆ దేశపు అంకెలను ఇక్కడి అంకెలతో యథాతథంగా పోల్చడం సరికాదు.

మరొక చిక్కు సగటుకు సంబంధించినది. ఈ మూలరూపంలో కంపన పరిమితి వోల్టేజీ వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక రోగికి 10, మరొక రోగికి 30 వోల్టులు వస్తే సగటు 20. దాని వర్గం 400. కాని విడివిడి వర్గాల సగటు 500. అంటే వోల్టుల సగటు నిజమైన కంపనాన్ని ఐదోవంతు తక్కువచేసి చూపుతుంది. సాధనపు నమూనా, పౌనఃపున్యం పేర్కొనకుండా వోల్టుల సగటు మాత్రమే ఇచ్చే సిద్ధాంతగ్రంథాలలో ఈ లోపం పైకి కనిపించదు. సొంత కంపనజనకంతో నడిచే డిజిటల్ నమూనాలు వచ్చాక ఆ వివరాల అవసరం మరింత పెరిగింది.

వరిపొలాలలో ఏళ్ల తరబడి చెప్పులు లేకుండా నడిచిన పాదాల విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. గట్టిపడిన చర్మం మీద పరీక్షిస్తే, నాడి బాగున్నా అంకె పెరుగుతుంది. వయసుతోనూ అది సహజంగానే పెరుగుతుంది. అటువంటివారిలో కాయకట్టని చోటును ఎంచుకొని, 128 హెర్ట్జ్ శ్రుతిదండంతో, 10 గ్రాముల నైలాన్ పోగుతో వచ్చిన ఫలితాలను పక్కన ఉంచుకొని ఆ అంకెను చదవాలి.