హెచ్చరిక లేని వరద

భద్రాచలం వైపు నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర లేదు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 అడుగులు. హెచ్చరికతో నీళ్లు ఆగవు, నిజమే. కాని బియ్యం బస్తాలు అటకెక్కించడానికీ, గొడ్లను విప్పి మిట్టకు తోలుకోవడానికీ కాస్త వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధి దొరకని వాళ్ల సంగతి చెబుదామని ఈ వ్యాసం. వాళ్లు ఏటి ఒడ్డువాళ్లు కారు, మన సీనియర్లలో చాలామంది చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోని వాళ్లు.

2020 సెప్టెంబర్ 15. యాపిల్ కంపెనీ సభ మన లెక్కన రాత్రి పదిన్నరకు మొదలైంది. అందులో టిమ్ కుక్ ఒక మాట చెప్పారు: ఐఫోన్లను నడిపించే మూల సాఫ్ట్‌వేర్, ఐఓఎస్ 14, రేపే విడుదల. అంతకు ముందు ఏడాది ప్రకటనకూ విడుదలకూ నడుమ 9 రోజులున్నాయి, 2017లో 7. ఈసారి ఒక్క రోజు.

జూన్‌లోనే నమూనా ఇచ్చారుగా, మూడు నెలలు ఏం చేశారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని నమూనా చివరిదాకా మారుతూనే ఉంటుంది. కొత్త సౌకర్యాలతో యాప్ కట్టి పంపాలంటే ఎక్స్‌కోడ్ 12 అనే పనిముట్టు తుది ప్రతి కావాలి. అది చేతికొచ్చిందీ ఆ 15వ తేదీనే! దాన్ని దించుకోవాలి, యాప్‌ను మళ్లీ కట్టాలి, రకరకాల ఫోన్లలో నడిపి చూడాలి, యాపిల్ పరిశీలనకు పంపి అనుమతి వచ్చేదాకా కాచుకు కూర్చోవాలి. పరీక్ష టైం టేబుల్ ముందురోజు రాత్రి నోటీసు బోర్డులో పెట్టి, సిలబస్ ఎప్పుడో ఇచ్చాం కదా అంటే మనం ఊరుకుంటామా? యూనియన్ ఆఫీసు ముందు టెంటు వేయమూ? పైగా అవి కరోనా రోజులు. చాలామంది సొంత ఊళ్ల నుంచే పని చేస్తున్నారు. అడవి అంచు పల్లెల్లో సిగ్నల్ కోసం మిద్దెక్కిన వారికి ఇంతకన్నా చెప్పనక్కర లేదు.

ఇంకో చిక్కుంది. లోపం ఎక్కడున్నా, చూసేవాడి కంటికి మూతపడ్డ యాపే కనిపిస్తుంది. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం ఒక వింత కూర్పులో మెసేజీగా వస్తే ఐఫోన్లలో వాట్సాప్, జీమెయిల్ టక్కున మూసుకుపోయాయి. జ్ఞానం బరువు ఫోను మోయలేకపోయిందని నవ్వుకున్నాం గాని, వాట్సాప్ రాసినవాడు చేసిన పాపమేమీ లేదు. తప్పు ఐఓఎస్‌లోనే ఉంది. ఆ నెల 19న 11.2.6 అప్‌డేట్‌తో యాపిలే సరిదిద్దింది.

కనుక మిత్రులారా, అప్‌డేట్ మర్నాడు యాప్ మొరాయిస్తే ఒక్క నక్షత్రం కొట్టి 'పనికిమాలిన యాప్' అని రాసేముందు ఒక్క క్షణం ఆగండి. ఫోను ఏది, వెర్షన్ ఎంత, ఏది నొక్కితే ఆగిపోయింది, ఈ మూడు ముక్కలు రాయండి. వాళ్లకు పనికొచ్చేవి అవే. అవతల లాప్‌టాప్ ముందు కూర్చున్నది ఏ ఇల్లందు అబ్బాయో, మణుగూరు అమ్మాయో కావచ్చు. అన్నానికి పిలిచి పిలిచి వాళ్లమ్మ ఈపాటికి పడుకునే ఉంటుంది.