మీకు తెలుసా? మైక్‌సెట్టు డబ్బాలో ఇద్దరున్నారు!

ఖమ్మం నుంచి భద్రాచలం మన్యం అంచుదాకా పెళ్లిళ్లకు అద్దెకొచ్చే మైక్‌సెట్టు ఆంప్లిఫైయర్ నిజానికి ఒకే డబ్బాలో ఇమిడిన రెండు యంత్రాలు. మైకు పంపే బలహీనమైన సంకేతాన్ని ప్రీఆంప్ పెంచి సరిదిద్దుతుంది. స్పీకరును కదిలించే సత్తువ పవర్ ఆంప్ ఇస్తుంది. ఇంట్లో పాటలు వినే ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫైయరూ అంతే. భద్రాచలం మిథిలా స్టేడియంలో రాములవారి కల్యాణం లాంటి జనసంద్రానికైతే రెండూ విడిగా ఉండటమే నయం. ఒకటి మొరాయిస్తే దాన్నే మార్చుకోవచ్చు. ఇంటికి అంత హంగామా ఎందుకు? 1978లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫైయర్ ఛానెల్‌కు 20 వాట్లతోనే ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. పైగా వాట్లు రెట్టింపైనా శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే! మామూలు గదికి ఒక్క డబ్బా చాలు, మిగిలిన సొమ్ము మంచి స్పీకర్ల మీద పెట్టండి.