పతకం అసలుదా? నకిలీదా?

పిల్లలూ! మీలో కొందరికి తపాలా బిళ్లలు సేకరించే అలవాటు ఉంటుంది. కొందరు పాత నాణేలు పోగుచేస్తారు. అలాగే యుద్ధాల్లో పాల్గొన్నవారికి ఇచ్చిన పతకాలను, టోపీ బిళ్లలను, బొత్తాలను సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరానికి ‘మిలటరీ మాధవరం’ అని పేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి ఎందరో వెళ్లారు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో కూడా ఏ ఇంటి ట్రంకుపెట్టె అడుగునో ఇలాంటి పతకం ఒకటి ఉండవచ్చు. మరి అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? మీ బడిలో ఉండే త్రాసు, గ్లాసెడు నీళ్లు ఈ విషయంలో చాలా చెబుతాయి. ఎలాగో చూద్దాం.

కొన్నేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు మొదటి ప్రపంచ యుద్ధపు పతకం ఒకటి పట్టుకొచ్చాడు. పండుగలకు పెద్దవాళ్లిచ్చిన డబ్బు దాచుకొని, తెనాలిలో పాతవస్తువులు అమ్మే ఒకాయన దగ్గర కొన్నాడట. తెల్లగా తళతళలాడుతోంది. తరగతి అంతా చుట్టూ మూగింది. మర్నాడు ఒక అమ్మాయి తన ఇంట్లోదంటూ మరొక పతకం తెచ్చింది. బొమ్మ అదే గాని రంగు గోధుమ వన్నె. అరిగిపోయింది, నల్లబడింది. “మా తాతయ్యగారి తాతయ్యది సార్” అంది. పిల్లలు ఫక్కున నవ్వారు. “ఇది వెండిది కాదు. దొంగ పతకం!” అన్నారు.

నవ్వడం సులభం. తేల్చడమే కష్టం. అందుకని రెండింటినీ ప్రయోగశాలకు పట్టుకుపోయాం.

అసలు పతకం ఎలా ఉంటుంది?

ఈ పతకాన్ని 1914-18 యుద్ధంలో పనిచేసినవారికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చింది. ఒకవైపు అయిదవ జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి బొమ్మ, 1914, 1918 అనే అంకెలు ఉంటాయి. వ్యాసం సుమారు 36 మిల్లీమీటర్లు. వెండితో చేసినవి దాదాపు 65 లక్షలు ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యమైనది దీని అంచు. పొందినవాని నంబరు, పేరు, దళం ఆ అంచు మీద ముద్రించి ఉంటాయి. అందుచేత ఏ రెండు పతకాలూ ఒకటి కావు.

65 లక్షలు ఉన్నప్పుడు నకిలీలు చేయడం దేనికి అని మీకు సందేహం రావచ్చు. వీటిలో చాలా పతకాలు వెండి కోసం కరిగిపోయాయి. ముఖ్యంగా 1980 ఆరంభంలో వెండి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడు ఎన్నో కొలిమి పాలయ్యాయి. పైగా పేరుపొందిన దళం, పేరుపొందిన యుద్ధం అంచు మీద ఉంటే పతకానికి విలువ ఎక్కువ. మోసగాళ్ల కన్ను పడేది అక్కడే.

నకిలీలు ఎలా పుడతాయి?

ఒక పద్ధతి పోత పోయడం. అసలు పతకానికి మూస తీసి, కరిగించిన లోహాన్ని అందులో పోస్తారు. కాని భౌతికశాస్త్రం ఇక్కడ మోసగాణ్ణి పట్టిస్తుంది. వేడి లోహం చల్లారితే సంకోచిస్తుంది గదా! అందుచేత పోతపోసిన పతకం అసలుదానికంటే కొంచెం చిన్నదవుతుంది. 36 మిల్లీమీటర్ల పతకం దాదాపు అర మిల్లీమీటరు వరకు తగ్గవచ్చు. కంటికి కనబడని ఈ తేడాను మీ వెర్నియర్ కాలిపర్స్ పట్టేస్తుంది. భూతద్దంతో చూస్తే గాలిబుడగలు విడిచిన సన్నని గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కూడా కనబడతాయి. అసలు పతకాన్ని ఉక్కు అచ్చుల మధ్య బలంగా నొక్కి చేస్తారు గనుక దాని గీతలు పదునుగా ఉంటాయి.

రెండో పద్ధతి మరీ టక్కరిది. పతకం అసలుదే. అంచు మీద ఉన్న సామాన్యుని పేరును ఆకురాయితో అరగదీసి, ఖరీదైన పేరు వేస్తారు. లోహం అరిగింది గనుక వ్యాసం తగ్గుతుంది. నాలుగైదు దిక్కుల్లో వ్యాసం కొలిచి చూస్తే, అరగదీసిన చోట తేడా బయటపడుతుంది.

మూడోది పాతదనాన్ని నటింపజేయడం. గాలిలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడు వల్ల వెండి మీద ఏళ్ల తరబడి నల్లని సిల్వర్ సల్ఫైడు పొర ఏర్పడుతుంది. గంధకపు రసాయనాలతో అదే పనిని ఒక్కరోజులో చేయవచ్చు. కాని చేతులు తగిలి అరిగే ఎత్తు భాగాలు, మురికి పట్టే పల్లపు భాగాలు సహజంగా ఒకే తీరున నల్లబడవు. అంతటా ఒకే నలుపు ఉంటే అనుమానించాలి.

పతకానికి కట్టే పట్టీని అతినీలలోహిత కాంతిలో చూడడం మరొక పరీక్ష. బట్టకు తెలుపు తెచ్చే ప్రకాశక రసాయనాలు రెండవ ప్రపంచ యుద్ధం తర్వాతనే విరివిగా వాడుకలోకి వచ్చాయి. అవి ఆ కాంతిలో నీలంగా మెరుస్తాయి. కాని జాగ్రత్త! పాత పట్టీని ఎవరైనా ఈనాటి సబ్బుపొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది.

ఆర్కిమెడీస్ సాక్ష్యం

ఇక మా ప్రయోగానికి వద్దాం. వస్తువును నీటిలో ముంచితే, అది తొలగించిన నీటి బరువెంతో అంత బరువు కోల్పోయినట్లు కనిపిస్తుంది. ఇది మీరు చదువుకున్న ఆర్కిమెడీస్ సూత్రమే. పట్టీ విప్పి, పతకాన్ని సన్నని దారంతో త్రాసుకు వేలాడదీసి ముందు గాలిలో, తర్వాత నీటిలో తూచాం.

కుర్రవాడి పతకం గాలిలో 25.6 గ్రాములు, నీటిలో 22.1 గ్రాములు. తగ్గినది 3.5 గ్రాములు. 25.6ను 3.5తో భాగిస్తే సుమారు 7.3. పతకాలకు వాడే వెండి సాంద్రత సుమారు 10.3. తగరం సాంద్రత 7.3. ఇంకేం చెప్పాలి? ఆ తెల్లని తళతళ వెండిది కాదు.

కుర్రవాడి ముఖం చిన్నబోయింది. అమ్మాయి పతకం తూచాం. గాలిలో 27.3, నీటిలో 24.2. తేడా 3.1. సాంద్రత 8.8. అదీ వెండి కాదు! “మేం చెప్పలేదా సార్, రెండూ దొంగవే!” అని పిల్లలు కేకలు వేశారు. ఆ అమ్మాయి పతకాన్ని గుప్పిట్లో దాచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక్కడ కాస్త ఆగండి. త్రాసు తప్పు చెప్పలేదు. మనం దాన్ని అడిగిన ప్రశ్న తప్పు. ఈ పతకం వెండిలోనే కాక కంచులోనూ తయారైంది. యుద్ధరంగంలో రోడ్లు వేసి, సరుకులు మోసిన లేబర్ కోర్ కూలీలకు, చైనావారికి, మాల్టావారికి, మన భారతీయులకు, సుమారు 1,10,000 కంచు పతకాలు ఇచ్చారు. కంచు సాంద్రత దాదాపు 8.8. భూతద్దంతో అంచు చూశాం. నంబరు ఉంది. చివర లేబర్ కోర్‌ను తెలిపే పొడి అక్షరాలున్నాయి. మధ్యలో ఎవరో గుమాస్తా తనకు వినిపించినట్లు ఇంగ్లీషులో రాసిన తెలుగు పేరు. అది చదవగానే ఆ అమ్మాయి, “మా తాతయ్య పేరు కూడా ఇదే సార్!” అంది. మనవడికి తాత పేరు పెట్టుకోవడం మన ఆచారం గదా! అన్ని దిక్కులా కొలిస్తే వ్యాసం సమంగానే ఉంది. ఎవరూ అరగదీయలేదు.

ఆ పెద్దాయన తుపాకీ పట్టినవాడు కాదు, పార పట్టినవాడు. నూరేళ్లు ఆ ఇంటివారు దాచుకున్నది వెండిని కాదు, ఆయన పేరును. ఒక్క నకిలీ బయటపడగానే పక్కనున్న ఆ నిజాన్ని కూడా మనం అబద్ధమన్నాం. నకిలీ వస్తువు చేసే అసలు నష్టం ఇదే.

పాలవాడి లెక్క

దీన్ని మరొక ఉదాహరణతో చెబుతాను. ఒక ఊళ్లో చిక్కని పాలు లీటరు 60 రూపాయలు, నీళ్లు కలిపినవి 40 రూపాయలు చేస్తాయనుకోండి. కొనేవానికి తేడా తెలియదు. “ఏవి పోస్తారో ఏమో” అని మధ్యస్థంగా 50 ఇస్తానంటాడు. చిక్కని పాలవానికి నష్టం. అతడు ఆ వీధికి రావడం మానేస్తాడు. నీళ్లపాలవాడు నిలుస్తాడు. అప్పుడు కొనేవారు 50 కూడా ఇవ్వరు. అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో పాత కార్ల అమ్మకాన్ని తీసుకొని ఈ సంగతినే వివరించాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి పంచిన కృషి ఇదే. పాలకు లాక్టోమీటరు దొరికింది గనుక మంచి పాలవాడు బతికాడు. పతకాల సేకరణకు కూడా అలాంటి కొలత కావాలి. లేకపోతే నిజాయితీగా అమ్మేవాడు, ఆనందంగా సేకరించేవాడు ఇద్దరూ తప్పుకుంటారు. మా కుర్రవాడు చాలా రోజులు తన నాణేల డబ్బా మూత తీయలేదు!

మన జిల్లాల్లో ఇంకో మోసం ఉంది. రాముడి పట్టాభిషేకం బొమ్మతో, ‘ఈస్టిండియా కంపెనీ, 1818’ అన్న అక్షరాలతో అణా నాణేలంటూ అమ్ముతారు. కంపెనీ అలాంటి అణా నాణెం ఎన్నడూ వేయలేదు. ‘బియ్యాన్ని ఆకర్షించే’ నాణెం, చెంబు అంటూ లక్షలు గుంజిన ముఠాలను పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. బియ్యాన్ని లాగే లోహం లేదు. ఆ గింజలకు ఇనుపరజను పట్టించి, అయస్కాంతం దాచిపెడతారు, అంతే. ఇంట్లోని మామూలు బియ్యం నాలుగు గింజలు తెచ్చి చూపమంటే ఆట కట్టు.

పరీక్ష చెప్పేది, చెప్పనిది

ఒక సూత్రం గుర్తుంచుకోండి. పరీక్షలో ఓడిన వస్తువు నకిలీ అని చెప్పవచ్చు. నెగ్గినంతమాత్రాన అసలుదని చెప్పలేం. తగరానికి తగినంత సీసం కలిపితే 10.3 సాంద్రత తేవచ్చు! అందుకే ఒక పరీక్ష చాలదు. సాంద్రత, కొలత, అక్షరాలు, అరుగుదల అన్నీ ఒకే మాట చెప్పాలి.

వాటికి తోడు వస్తువు చరిత్ర కావాలి. తెనాలి నుంచి రేపల్లె రైలులో వెళ్తే దారిలో భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు అక్షరాలు చెక్కిన రాతి భరిణెలు దొరికాయి. అవి ఎక్కడ, ఎలా దొరికాయో అప్పుడే రాసిపెట్టారు గనుక పండితులు వాటిని నమ్మి, ఆ లిపిని చదవగలిగారు. అవే భరిణెలు ఏ సంతలోనో కనిపించి ఉంటే ఎవరు నమ్మేవారు?

మీ ఇంట్లో పతకం ఉంటే చింతపండుతో, బూడిదతో తోమకండి. చింతపండులోని ఆమ్లం పాతపొరను కరిగిస్తుంది, బూడిద అక్షరాలను అరగదీస్తుంది. పెద్దవాళ్లనడిగి అది ఎవరిదో, ఎప్పటిదో, ఎలా వచ్చిందో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, పతకంతోనే ఉంచండి. మరో నూరేళ్ల తర్వాత ఆ కాగితమే సాక్ష్యం అవుతుంది.

రెండు నెలల తర్వాత మా కుర్రవాడు నాణేల డబ్బాతో, ఒక నోటుపుస్తకంతో ప్రయోగశాలకు వచ్చాడు. ప్రతి నాణేనికీ ఒక పేజీ ఉంది. బరువు, వ్యాసం, సాంద్రత రాయడానికి గళ్లు గీశాడు. మొదటి పేజీలో ఆ తగరపు పతకం ఉంది. దానికెదురుగా ‘నకిలీ’ అని రాసి, దాని కింద ‘ఎలా తెలిసింది?’ అని మరో గడి గీశాడు.

మీ సేకరణకు కూడా అలాంటి పుస్తకం ఒకటి కుట్టుకోండి.