తోటలోనే కోత, తోటలోనే అమ్మకము



ఆశ్వయుజ, కార్తీక మాసములలో దాచేపల్లి ప్రాంతమున కూలి మనిషి దొరకుట ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. ప్రత్తి తీతకు మనుషులు కావలెను. మిరప చేలలో కలుపు పని, మందు పని ముమ్మరముగా నుండును. సరిగా ఈ రోజులలోనే సీతాఫలము కోతకు వచ్చును. కోసిన కాయ మూడు నాలుగు రోజులలో మెత్తబడును. కోయువారు లేక కొన్ని కాయలు చెట్టుననే పగిలి పక్షుల పాలగును. కోసినవానిలో కొన్ని గంపలలో నలిగిపోవును. మిగిలినవానిని బేరగాడు చెప్పిన ధరకే ఇచ్చివేయవలసి వచ్చును.

కొనువారినే తోటకు రప్పించి, వారి చేతనే కోయించి, అక్కడనే తూచి అమ్ము పద్ధతి ఒకటి కలదు. దానిని ఎట్లు నడుపవలెనో, ఎక్కడ జాగ్రత్త పడవలెనో తెలిసికొందము.

ఈ పద్ధతి ఎట్లు పుట్టినది?

చల్లని దేశములలో శరదృతువున కుటుంబములు ఆపిలు తోటలకు పోయి, తమ పండ్లను తామే కోసికొని, తూకము ప్రకారము డబ్బు చెల్లించి వచ్చుట పరిపాటి. అమెరికాలో 1930 తరువాతి ఆర్థిక మాంద్యపు రోజులలోను, రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాతను పండ్ల ధరలు పడిపోయి, కోత కూలికి, పెట్టెల ఖర్చుకు కూడ చాలనప్పుడు ఈ పద్ధతి వ్యాపించినది. నేడు అది వేడుకగా కనిపించవచ్చును గాని, పుట్టినది రైతు ఇక్కట్టులోనే.

ఆపిలు మన నేలకు తగినది కాదు. సాధారణ ఆపిలు రకములు చక్కగా పూయుటకు చలికాలమున 7 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చలి కొన్ని వందల గంటలు ఉండవలెను. పల్నాటిలో అట్టి చలి లేదు. కాని శరదృతువున పండు పండ్లు మనకును కలవు. తోటలో కూర్చుండి భోజనము చేయు ఆచారమును మనకు కొత్త కాదు. కార్తీకమున వనభోజనమునకు ఉసిరి చెట్టు నీడను వెదకికొను కుటుంబములు పట్టణములలో ఎన్నియో కలవు. నార్కెట్‌పల్లి నుండి అద్దంకి పోవు రహదారి వాడపల్లి వద్ద కృష్ణను దాటి, పొందుగల మీదుగా దాచేపల్లికి వచ్చును. నడికుడి రైలు జంక్షను సమీపముననే యున్నది. కార్తీక అమావాస్యకు కారంపూడిలో జరుగు పల్నాటి వీరుల ఉత్సవమునకు జనము తరలివత్తురు. ఈ వచ్చిపోవువారిలో కొందరు మీ తోట ముందు ఆగినను చాలును.

ఏ పండ్లు అనుకూలము?

సీతాఫలము: లోతు తక్కువగల రాతి నేలలలో కూడ పెరుగును. మేకలు దీని ఆకును సాధారణముగా ముట్టవు. నీరు నిలుచు నల్లరేగడి మాత్రము పనికిరాదు. పాలమూరు ప్రాంతపు బాలానగరు రకము పేరు పొందినది. దసరా సెలవులలో కాపు నిండుగా నుండి, కార్తీకము నాటికి ముగింపునకు వచ్చును.

ఉసిరి: కార్తీకమునకు అందివచ్చును. తయారైన కాయ చెట్టున చాల దినములు నిలుచును గాన, జనము ఒక వారము ఆలస్యముగా వచ్చినను నష్టము లేదు. నీడకు, భోజనములకు నాలుగు చెట్లయినను ఉండవలెను.

జామ: సీతాఫలము వెనుకబడిన తరువాత చలికాలపు కాపు అందుకొనును. ఆకుపచ్చ రంగు తగ్గి లేత పసుపు తిరిగిన కాయను కోసినవెంటనే తినవచ్చును గనుక పిల్లలకు ఇది మిక్కిలి ప్రీతి.

కన్ను విప్పిన కాయనే కోయింపుడు

ఈ పద్ధతిలో లాభనష్టములు రెండును ఈ ఒక్క విషయముపై ఆధారపడి యున్నవి. పట్టణము నుండి వచ్చినవారికి ఏ కాయ తయారైనదో తెలియదు. పెద్దదిగా కనిపించిన కాయను తెంపుదురు. లేత సీతాఫలము ఇంటికి పోయిన తరువాత పండదు. నల్లబడి, గట్టిగా ఎండిపోవును. కొన్నవారు మోసపోయితిమని తలతురు. మీకు ఆ కాయ పది రోజుల తరువాత రావలసిన తూకము పోవును. ఇరువురికిని నష్టమే.

తయారైన కాయను గుర్తించుట సులభము. కాయ మీది కన్నులు ఒకదానికొకటి ఎడమై, వాని నడిమి గాడి ఆకుపచ్చ రంగు పోయి లేత పసుపు లేక మీగడ రంగునకు తిరుగును. దీనినే కన్ను విప్పుట అందుము. అట్టి కాయను గట్టిగా నున్నప్పుడే కోయవలెను. రెండు మొదలు నాలుగు రోజులలో పండును.

వచ్చిన ప్రతి కుటుంబమునకు ముందుగా రెండు కాయలు చేతికిచ్చి చూపవలెను. ఒకటి లేతది, రెండవది కన్ను విప్పినది. తోటలో కాయలు తయారైన చెట్లకు ఉదయముననే ఎర్రగుడ్డ పీలిక కట్టి, ఆ చెట్లనే కోసికొనుడని చెప్పవలెను. కాయను లాగరాదు. చిన్న కత్తెరతో కొంచెము తొడిమ ఉంచి కత్తిరింపవలెను. సీతాఫలపు కొమ్మ పెళుసు గాన ఎవ్వరిని చెట్టెక్కనీయరాదు.

ఇంటికి కొనిపోవు కాయలను గడ్డిలో ఒకే వరుసగా పేర్చి ఇయ్యవలెను. పండకమునుపు ఫ్రిజ్‌లో పెట్టరాదని చెప్పవలెను. చలికి తోలు నల్లబడి, కాయ సరిగా పండదు.

మీ లెక్క మీరు వేసికొనుడు

5 మీటర్ల ఎడమున నాటిన యెడల ఎకరమునకు సుమారు 160 చెట్లు పట్టును. అయిదారేండ్ల చెట్టుకు 50 కాయల చొప్పున 8,000 కాయలు. కిలోకు 5 కాయలు తూగిన యెడల 1,600 కిలోలు. కుటుంబమొకటి 4 కిలోలు కోసికొనునని అనుకొందము. అప్పుడు తోట ఖాళీ యగుటకు 400 కుటుంబములు రావలెను. అంతమంది మొదటి ఏడే వత్తురని నమ్మి కూర్చుండరాదు.

అందుచేత మొదట పావు ఎకరము, అనగా 40 చెట్లు మాత్రమే ఇందులకు విడువవలెను. వానికి 100 కుటుంబములు చాలును. మిగిలిన తోటను ఎప్పటివలెనే కోసి అమ్ముడు. కాయలన్నియు ఒకేసారి తయారు కావు. పలు వారములపాటు వచ్చును. కావున ఆదివారములు, సెలవు దినములు మాత్రమే తోట తెరచి, నడుమ దినములలో చెట్లకు విశ్రాంతి నీయవలెను.

ధర నిర్ణయించునప్పుడు బేరగాడిచ్చు ధరతో పోల్చిన చాలదు. ఆ ధర నుండి కోత కూలి, గంపల ఖర్చు, బాడుగ, తరుగు తీసివేసిన మిగులునది ఎంతయో చూడుడు. తోటలో అమ్మునప్పుడు ఈ ఖర్చులు తగ్గును గాని, చూపించు మనిషి కూలి, కొరికి పారవేసిన కాయల నష్టము కలియును. రెండు లెక్కలను ఒకే కాగితముపై వ్రాసి చూచిన తరువాతనే పూనుకొనుడు. తూనికకు ప్రభుత్వపు ముద్ర గల కాటానే వాడవలెను.

మందుల విషయమున ఉపేక్ష కూడదు

మార్కెట్టుకు పోవు కాయ తినువారిని చేరుటకు కొన్ని దినములు పట్టును. మీ తోటలో బిడ్డ కాయను తెంపి, అక్కడనే నోట పెట్టుకొనును. మందు డబ్బాపై ముద్రించిన గడువు దినములు పూర్తి కాని వరుసలలోనికి ఎవ్వరిని విడువరాదు. గడువు లెక్కకు చల్లిన తేదీని పలకపై వ్రాసి ఉంచుకొనవలెను.

ప్రక్క చేలో ప్రత్తికో మిరపకో కొట్టిన మందు గాలికి మీ చెట్లపై పడవచ్చును. ప్రక్క రైతుతో ముందే మాట్లాడి, వారు మందు కొట్టు దినములు తెలిసికొనుడు. గట్టు వెంబడి రెండు వరుసలు అతిథులకు విడువకుండుట మేలు. కడిగినంతమాత్రమున మందంతయు పోవునని తలపరాదు.

పిండినల్లి పట్టిన కాయను ఎవ్వరును కొనరు. దానికి కాపు సమయమున మందు వెదకుట కంటె, ముందుగానే చెట్టు మొదట మట్టిని త్రవ్వి ఎండనిచ్చి, మానుకు ప్లాస్టిక్ పట్టీ చుట్టి గ్రీజు పూసిన యెడల పిల్ల పురుగులు, చీమలు పైకి ప్రాకవు.

వచ్చినవారి క్షేమము

నూతికి వరకట్టు, పైన జాలి లేనిచో తోట తెరవవలదు. నీటి గుంట యున్నచో కంచె వేయవలెను. చెట్ల క్రింద రాలిన ఆకులలో పాములు, తేళ్లు దాగును గాన నడుచు దారులను ముందురోజే ఊడ్పింపవలెను. సీతాఫలపు గింజల పొడి కంటబడిన తీవ్రమైన బాధ కలుగును. పిల్లలు గింజలను చితుక కొట్టకుండ చూడవలెను. వంటపొయ్యికి, కార్తీక దీపములకు గడ్డి చెక్కిన చోటు వేరుగా చూపవలెను. డ్రిప్పు గొట్టముల మీద నిప్పు పడినను, కాళ్లు పడినను నష్టము మీదే. త్రాగు నీరు, మరుగుదొడ్డి తప్పక ఏర్పరుపవలెను. ప్లాస్టిక్ విస్తళ్లు పశువుల కడుపున పడక ముందే సాయంత్రము ఏరించివేయుడు.

కాపు ముగిసి, ఆకు రాలిన తరువాత కొమ్మలను కొద్దిగా కత్తిరించి, చెట్టు చేతికందు ఎత్తున ఉండునట్లు చేసికొనవలెను. కొత్త చిగురులపై పూత వచ్చును గాన దీని వలన కాపునకు లోటు రాదు.

ఈ ఏడు 40 చెట్లతో ప్రారంభింపుడు. వచ్చిన కుటుంబములు ఎన్ని, కోసిన కిలోలు ఎన్ని, పాడైన కాయలు ఎన్ని అను మూడు లెక్కలు ప్రతి సాయంత్రము వ్రాయుడు. వచ్చే ఏడు ఎన్ని చెట్లు విడువవచ్చునో ఆ పుస్తకమే మీకు చెప్పును. సందేహములున్న మీ ఉద్యానాధికారిని తోటకే పిలిచి చూపి, సలహా పొందుడు.