తేలే ఇటుకలు, మునిగే మేకులు

నీటిలో వేసిన వస్తువు తేలడమో మునగడమో దాని బరువును బట్టి జరుగుతుందన్న అభిప్రాయం జనంలో బలంగా ఉన్నా, వేల టన్నుల ఓడ సముద్రంపై సాగిపోతుండగా చిన్న ఇనుప మేకు క్షణంలో అడుగుకు చేరుతుంది కనుక ఆ అభిప్రాయం పరీక్షకు నిలవదు. వస్తువు బరువుకూ, అది పక్కకు నెట్టిన నీటి బరువుకూ మధ్య జరిగే పోటీయే దాని గతిని నిర్ణయిస్తుంది.

నీటిలో లోతుకు వెళ్లేకొద్దీ పైనున్న నీటి భారం పెరుగుతుంది కాబట్టి పీడనం, అంటే నిర్ణీత వైశాల్యంపై పడే ఒత్తిడి, ఎక్కువవుతుంది. మునిగిన వస్తువు అడుగుభాగం పైభాగం కన్నా లోతున ఉండటం వల్ల, దాన్ని కింది నుంచి పైకి నెట్టే ఒత్తిడి పై నుంచి కిందికి నొక్కే ఒత్తిడిని మించుతుంది. ఈ మిగులునే ఉత్ప్లవన బలం అంటారు. బావిలో నీళ్లు చేదేటప్పుడు బొక్కెన నీటిలో ఉన్నంతసేపూ తేలికగా కదిలి, నీటిమట్టం దాటగానే చేతులకు బరువు తెలియడం ఈ బలం వల్లనే. వస్తువు తొలగించిన నీటి బరువెంతో ఈ బలం కూడా అంతేనని క్రీ.పూ. 3వ శతాబ్దంలో సిరక్యూస్ నగరానికి చెందిన గ్రీకు శాస్త్రవేత్త ఆర్కిమెడిస్ నిరూపించాడు.

ఈ సూత్రం నుంచే సాంద్రతకు, అంటే ఒక ఘన సెంటీమీటరు చోటులో ఇమిడిన పదార్థ పరిమాణానికి, ప్రాధాన్యం వచ్చింది. ఘన సెంటీమీటరు నీరు 1 గ్రాము తూగితే ఇనుము సుమారు 7.9 గ్రాములు, గ్రానైట్ రాయి సుమారు 2.7 గ్రాములు తూగుతాయి గనుక అవి మునుగుతాయి, మంచుగడ్డ 0.92 గ్రాములే తూగడం వల్ల, పదింట తొమ్మిది వంతులకు పైగా నీటిలో ఉండి, మిగతా భాగం పైకి కనిపించేలా తేలుతుంది.

పదార్థం బరువైనదే అయినా, దానిలో గాలికి చోటు కల్పించి మొత్తం సాంద్రతను తగ్గించవచ్చునని తెలుగు నేల మీద కాకతీయుల కాలపు నిర్మాణమే చాటుతోంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ములుగు జిల్లా పాలంపేటలో కట్టించిన, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన రామప్ప దేవాలయ శిఖరంలో నీటిపై తేలే ఇటుకలు వాడారు. కాల్చిన మట్టి నీటి కన్నా బరువైనదే అయినా, ఆ ఇటుకల్లోని సన్నని రంధ్రాల నిండా గాలి ఉన్నందున మొత్తం ఇటుక సాంద్రత నీటి సాంద్రతకు లోబడింది. కింది రాతి కట్టడంపై శిఖర భారమూ తగ్గింది.

ఓడ తేలడమూ ఇందుకే. దాని పొట్టలో ఉక్కు కన్నా గాలి ఆక్రమించిన చోటే ఎక్కువ కాబట్టి, కొంతమేర మునిగేసరికే అది తన బరువుకు సమానమైన నీటిని తొలగించి నిలబడుతుంది. చిల్లు పడి ఆ చోటును నీరు ఆక్రమిస్తే మాత్రం మునిగిపోతుంది. జలాంతర్గామి ఈ రెండు స్థితులనూ తన అదుపులో ఉంచుకుంటుంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నం తీరంలో ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా వంటి జలాంతర్గాములు, ప్రత్యేక తొట్లలోకి సముద్రపు నీటిని వదిలి కిందికి దిగుతాయి, అధిక పీడనంలో నిల్వచేసిన గాలితో ఆ నీటిని బయటికి తోసి పైకి వస్తాయి.

ఇంత చక్కని సూత్రాన్ని పిల్లల చేత బట్టీ పట్టించడం న్యాయం కాదు. గ్లాసుడు మంచినీటిలో మునిగిన తాజా కోడిగుడ్డు, ఆ నీటిలో తగినంత ఉప్పు కలిపితే నీటి సాంద్రత పెరిగి పైకి తేలుతుంది. తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ ఈ ప్రయోగాన్ని పిల్లల చేతనే చేయించి, కారణం కూడా వారి నోటనే చెప్పించాలి.