నోరులేని రోగులు: మన మెట్టసీమలో పశువైద్యం

కరువు అనగానే మనకు ఎండిన చెరువులు, వట్టిపోయిన బోర్లు, బెంగుళూరు బస్సెక్కే జనం గుర్తొస్తారు. పశువుల ఆసుపత్రి ఎవరికీ గుర్తుకు రాదు. కాని మన అనంతపురం పీఠభూమిలో వాన తప్పిన ఏడు రైతు ఇంటిని నిలబెట్టేది చాలాసార్లు పైరు కాదు, దొడ్లో కట్టేసిన గొడ్డే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే ఈ నేలలో శెనక్కాయ చేను ఎండినా, పాడావు పూటకు నాలుగు లీటర్లిస్తే ఇల్లు జరుగుతుంది. రెండు పొట్టేళ్లు అమ్మితే పిల్లవాడి కాలేజీ ఫీజు తేలుతుంది. ఈ వ్యాసం రాస్తున్నవాడి ఫీజు కూడా అట్లా తేలినదే. కనుక ఆ గొడ్డుకు జబ్బు చేస్తే చూసే చోటును గురించి మన విద్యార్థులు కొంత తెలుసుకోవాలని నా కోరిక.

నేను సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి, బి.యస్సీ. చదువుతున్నాను. పోయిన ఏడు వేసవి సెలవులన్నీ, ఆ తరువాత వానకాలంలో ఊరికి పోయిన రోజులన్నీ మా ఊరికి దగ్గరున్న పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారికి చేతిసాయంగా గడిపాను. డాక్టరుగారి పేరుగాని, ఊరి పేరుగాని ఇక్కడ అవసరం లేదు. అట్లాంటి ఆసుపత్రులు మన జిల్లాలో చాలా ఉన్నాయి. అన్నిటి కథా ఇంచుమించు ఒకటే.

రోగి మాట్లాడదు, యజమాని అంతా చెప్పడు

పొద్దున ఎనిమిదికల్లా ఆసుపత్రి ముందర వేపచెట్టు కింద ఆవులు, ఎనుములు, గొర్రెలు, మేకలు చేరతాయి. పక్కనే ఇనుప గొట్టాలతో చేసిన చట్రం ఒకటి ఉంటుంది. పశువు కదలకుండా అందులో నిలబెట్టి కడతారు. పొదుగువాపు, మాయ పడకపోవడం, గిట్టల మధ్య పుండు, పిడుదులు, కడుపులో పురుగులు, ఎదకొచ్చిన ఆవుకు సూది వేయించడం, ఇవి రోజూ వచ్చే పనులు.

మనుషుల డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని అడుగుతాడు. పశువుల డాక్టరు ఆ ప్రశ్నను తన చేతులతో అడగాలి. ముట్టె తడిగా ఉందా, పొడిబారిందా? చెవులు చల్లబడ్డాయా? ఎడమ డొక్క మీద పిడికిలి ఆనిస్తే లోపలి పొట్ట కదులుతున్నట్లు తెలుస్తోందా? థర్మామీటరులో 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటే ఆవుకు జ్వరం లేనట్లే. మనకు అంత ఉంటే కాలేజీ ఎగ్గొట్టి పడుకుంటాం.

ఇవన్నీ చూశాక యజమానిని మూడు ప్రశ్నలు అడుగుతారు. నెమరేసిందా? పేడ ఎట్లా వేసింది? నిన్న యాడ మేసింది? మన సీమలో మూడో ప్రశ్నే ముఖ్యం, దానికే సరైన జవాబు రాదు. "ఊరికే బీట్లో మేసింది సార్" అంటారు. పక్కవాళ్ల చేలో పడి మేసిందని నలుగురి ముందర చెప్పడానికి మొగమాటం. ఆ మొగమాటం ఒక్కోసారి గొడ్డు ప్రాణం మీదికి తెస్తుంది. ఎట్లాగంటే, జొన్ననాము ఒక్కటి చెబితే చాలు.

జొన్ననాము: కరువు పుట్టించే విషం

లేత జొన్నలో ధుర్రిన్ అనే పదార్థం ఉంటుంది. వాన సరిగా పడి పైరు ఏపుగా పెరిగితే పూతకొచ్చేసరికి దాని పాలు తగ్గిపోతుంది. బెట్ట తగిలి పైరు గిడసబారితే మాత్రం ఆకులో ఎక్కువగా నిలిచిపోతుంది. కోసిన మొదళ్లనుంచి వచ్చే పిలకల్లోనూ ఇది ఎక్కువే. ఆకలిగొన్న ఎద్దు దాన్ని గబగబా మేస్తే కడుపులోని సూక్ష్మజీవులు ధుర్రిన్‌ను విడగొడతాయి, హైడ్రోజన్ సైనైడ్ పుడుతుంది. అది కణాల్లోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పట్టుకుంటుంది. రక్తంలో ప్రాణవాయువు నిండుగా ఉన్నా కణం దాన్ని వాడుకోలేదు. అందుకే నాము తగిలిన గొడ్డు నెత్తురు ఎర్రగా మెరుస్తుంటుంది, గొడ్డు మాత్రం ఊపిరాడక కొట్టుకుంటుంది. కొన్ని నిమిషాల్లో కూడా పడిపోవచ్చు. నిండా కసువున్న ఏడు ఇది తక్కువ. మేత లేని ఏడే ఎక్కువ. అంటే కరువు మేతను తగ్గించడమే కాదు, మిగిలిన మేతను విషం కూడా చేస్తుందన్నమాట.

దీనికి విరుగుడు మన కెమిస్ట్రీ ల్యాబులోనే ఉంది. అయొడిన్ టైట్రేషనుకు బ్యూరెట్టులో పోసే హైపో, అదే సోడియం థయోసల్ఫేట్. డాక్టరు ముందు సోడియం నైట్రైటును నరంలోకి ఎక్కిస్తారు. అది హీమోగ్లోబిన్‌లో కొంత భాగాన్ని మెథ్‌హీమోగ్లోబిన్‌గా మారుస్తుంది. సైనైడ్ ఎంజైమును వదిలి దానివైపు పోతుంది. తరువాత ఎక్కించే హైపో ఆ సైనైడును థయోసయనేటుగా మార్చి మూత్రంలో పోయేట్టు చేస్తుంది. నైట్రైటు ఎక్కువైతే అదే విషం. అందుకని ఇది డాక్టరు చేతిలో ఉండాల్సిన మందేగాని మనం ప్రయత్నించేది కాదు.

పోయిన సెప్టెంబరులో మూడు వారాలు చినుకు లేదు. ఒక మధ్యాహ్నం ఫోను వస్తే డాక్టరుగారి మోటారు సైకిలు వెనక నేనూ పోయాను. పోయేసరికి ఒక ఎద్దు చచ్చిపోయింది. దాని జత కాళ్లు చాపి నోరు తెరిచి రొప్పుతోంది. "ఏం మేసింది పెద్దాయనా, నిజం చెప్పు" అన్నారు డాక్టరుగారు. ఆ రైతు ఒక్క క్షణం చుట్టూ ఉన్నవాళ్లను చూసి, "జొన్నచేలో పడినాయి సార్" అన్నాడు. ఆ ఒక్క మాటతో పని మొదలైంది. నేను సీసా ఎత్తి పట్టుకున్నాను. అరగంట గడిచేసరికి ఎద్దు తల ఎత్తింది, ఇంకాసేపటికి లేచి నిలబడింది. ఆ నిమిషంలో కలిగిన సంతోషం నాకు ఏ పరీక్షలో మార్కులొచ్చినా కలగలేదు.

రైతు దాని మెడ నిమిరి, చచ్చిన ఎద్దు వైపు చూసి, "ఇది కాడికి వస్తాది గానీ, దీనికి జోడు యాడ తెచ్చేది సార్?" అన్నాడు. డాక్టరుగారు జవాబు చెప్పలేదు. చచ్చిన ఎద్దు చెవికి బీమా పోగు లేదు. పోగు లేకుంటే పోస్టుమార్టం కాగితం ఉన్నా పైసా రాదు. ఈ వృత్తిలో దొరికే ఫలమూ, దానిలోని కష్టమూ రెండూ నాకు ఆ ఒక్క కళ్లంలోనే కనబడ్డాయి. ప్రాణం నిలబెట్టడం వైద్యుడి చేతిలో ఉంది. బతుకు నిలబెట్టడం ఆయన ఒక్కడి చేతిలో లేదు.

మరికొన్ని కష్టాలు

తన్నులు, కుమ్ములు సరే, అంతకంటే పెద్ద ప్రమాదాలు కంటికి కనబడవు. ఎద్దు చొంగ కారుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని రైతు తీసుకొస్తాడు. అది రేబిస్ కూడా కావచ్చు. తొడుగు లేకుండా నోట్లో చెయ్యి పెడితే డాక్టరు ప్రాణానికే ముప్పు. ఈడ్చుకుపోయిన ఆవుకు మాయ తీసేటప్పుడు బ్రూసెల్లా క్రిములు సోకితే నెలల తరబడి జ్వరం, కీళ్లనొప్పులు.

ఇంకొకటి ఆలస్యం. ముందు వాతలు పెడతారు, తరువాత తాయెత్తు, ఆ తరువాత ఎవరో చెప్పిన పసరు. పసరు పోసేటప్పుడు తల పైకెత్తి నాలుక లాగిపట్టితే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. చివరికి ఆసుపత్రికి వచ్చేది జబ్బుకు కాదు, వైద్యం చేసిన పాడుకు. అట్లాగని రైతును తిట్టి లాభం లేదు. ఆటో బాడుగ, బయట కొనాల్సిన మందు, పోగొట్టుకున్న కూలి, మూడూ కలిపితే ఒక గొర్రె ఖరీదులో ఎంత భాగమో వాడికి లెక్క తెలుసు. 2022లో మన రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోను చేస్తే వైద్యబండి వచ్చే ఏర్పాటు మొదలైంది. అది కొంత దూరాన్ని తగ్గించింది. సమయానికి ఫోను చెయ్యడం మాత్రం మన పనే.

రాకముందే ఆపడం

ఆసుపత్రిలో ఎవరూ గమనించని గొప్ప పని టీకా. వానకు ముందు, మే జూన్ నెలల్లో, గొంతువాపుకూ జబ్బవాపుకూ టీకాలు వేస్తారు. తొలకరికి లేచిన లేత కసువు ఆబగా మేసిన గొర్రెలకు చిటుకరోగం వస్తుంది. చిటిక వేసినంతలో చస్తాయి, మందుకు వ్యవధి ఉండదు. కాబట్టి ముందే టీకా వెయ్యాలి. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు వేస్తారు. బాగున్న గొడ్డుకు సూది ఎందుకని దాచేసేవాళ్లు ఇంకా ఉన్నారు. టీకా ఫలితం కంటికి కనబడదు కదా, రాని జబ్బును ఎవరు చూస్తారు?

చూడదలిస్తే ఒకటి ఉంది. మన తాతల కాలంలో ఊళ్లకు ఊళ్ల పశువులను ఊడ్చుకుపోయిన పెద్దరోగం, రిండర్‌పెస్ట్, ఇప్పుడు భూమి మీద లేదు. మన దేశంలో దాని నిర్మూలన కార్యక్రమం 1954లో మొదలైంది. 2006లో భారతదేశానికి విముక్తి గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. మశూచి తరువాత మనిషి తుదముట్టించిన రెండో జబ్బు అదే. ఊరూరా తిరిగి, దొడ్డి దొడ్డికీ పోయి సూది వేసిన వేలాది మంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

మిత్రులారా! మనలో చాలామందిమి పల్లెలనుంచి వచ్చినవాళ్లమే. అందరం పశువైద్యులం కాలేము, కానక్కరలేదు. కాని సెలవులకు ఇంటికి పోయినప్పుడు నాలుగు మాటలు చెప్పగలం. బెట్టకొచ్చిన జొన్నను పూతకు ముందు మేపవద్దు. కోసి బాగా ఎండబెట్టి వెయ్యండి. టీకా బండి వచ్చిన రోజు గొడ్లను దాచకండి. జతకు బీమా పోగు వేయించండి. డాక్టరు అడిగితే ఎవరి చేలో మేసిందో మొగమాటం లేకుండా చెప్పండి. ఇందులో పెద్ద చదువేమీ లేదు. కాని మనం బ్యూరెట్టు పట్టి నేర్చుకుంటున్న శాస్త్రం మన దొడ్డిదాకా పోకపోతే, అది పరీక్ష పేపరు మీదనే మిగిలిపోతుంది.